వీధివైపు అందం

ఒకానొక రాజ్యంలో పాడుబడ్డ కట్టడాలు కొని, బాగుచేయించి, అద్దెకివ్వడమంటే రాజుగారికి మహా సరదా. ఆయన పేరు భుజంగరాయలు. ఖజానా మాత్రం ముట్టుకోరు. పెట్టుబడి ఊరివాళ్లది, పేరు తనది.

ఆయన కొలువులో తిప్పన అనే హాస్యగాడు ఉండేవాడు. మహా మాటకారి. రాజుగారు పాత అంగడివీధిని కొన్నప్పుడు నేతపేటకు వెళ్లి, "మీరు సొమ్ము పెట్టండి, బాగుచేశాక కొట్లు మీకే. పూచీ నాది" అని ఒప్పించింది ఇతనే. గవరమ్మ అనే ముసలి నేతగత్తె కొత్త మగ్గానికని దాచుకున్నది కూడా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఆ సొమ్మంతా రాజుగారు వీధివైపు గోడకే పోశారు. గారతో చిలకలు, ఏనుగులు, నడుమ మీసాలతో సహా తన బొమ్మ. లోపల చెదపట్టిన దూలాలు అలాగే ఉండిపోయాయి. తొలివానకే కప్పు కారి, కొట్లలో పెట్టిన బట్టంతా తడిసి బూజుపట్టింది.

తిప్పన పరామర్శకు వెళ్లాడు. తిడతారనుకున్నాడు. తిట్టినా బాగుండేది. గవరమ్మ మజ్జిగ తెచ్చి, "అంత దూరం నడిచొచ్చావు, తాగు నాయనా" అంది. సిగ్గుతో చచ్చిపోయాడు. అప్పటినుంచి నేతపేట మీదుగా పోవాల్సి వస్తే చుట్టుదారిన పోయేవాడు.

ఇంతలో రాజుగారు పిలిపించారు.

"తిప్పనా, మన అంగడివీధి చూసి పొరుగు రాజులే నోరు వెళ్లబెట్టారు. ఇక పాత గుర్రపుశాలలు కొందాం. నేతవాళ్ల దగ్గర మళ్లీ సొమ్ము పట్టుకురా."

"కప్పు కారుతోంది ప్రభూ."

"కప్పు ఎవడు చూస్తాడయ్యా? దారినపోయేవాడికి కనబడేది ముందుగోడ. సొమ్ము తేలేకపోతే చెప్పు, రేపటినుంచి కొలువుకు రానక్కర్లేదు."

"అడుగుతాను ప్రభూ. కానీ అంగడివీధికి అంగీ మర్యాద ఇంకా జరగలేదు. అది కాకుండా అడిగితే బాగుండదు."

అంగీ మర్యాద అంటే ఆ రాజ్యపు ఆచారం. కట్టడం బాగుచేయడానికి సొమ్ము పెట్టినవాళ్లు యజమానికి ఒక అంగీ నేసి తొడుగుతారు. దాన్ని వేసుకుని ఆయన కట్టడం చుట్టూ ఒకసారి నడవాలి. మధ్యలో విప్పితే ఆ ఆస్తి ఆయనకు అచ్చిరాదు.

తిప్పన తలవంచుకుని నేతపేటకు వెళ్లాడు. సంగతీ, తన ఉపాయమూ చెప్పాడు గానీ, "ఈసారైనా నన్ను నమ్మండి" అనడానికి మాత్రం నోరు రాలేదు. గవరమ్మే "నేస్తాంలే" అంది.

మంచిరోజు చూసి మేళతాళాలతో రాజుగారు అంగడివీధికి వేంచేశారు. తిప్పన స్వయంగా అంగీ తొడిగాడు. ముందువైపు పట్టు, జరీ, కళ్లు జిగేలుమంటున్నాయి. రాజుగారు మీసం దువ్వి నడక మొదలుపెట్టారు.

మొదటి మలుపు తిరిగేసరికి వెనక కిసకిసలు. రెండో మలుపులో వీపుకి చల్లగాలి తగిలింది. ఆయన చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నారు. బూజుపట్టిన బట్ట పీలికలై చేతికొచ్చింది.

"ఏమిటయ్యా ఇది?"

"వానకు తడిసిన బట్టే ప్రభూ, మీ కొట్లలోదే. వీధివైపు మాత్రం బాగానే ఉంది కదా."

రాజుగారి ముఖం కందిపోయింది. విప్పితే అచ్చిరాదు, నడిస్తే వీపంతా జనం చూస్తారు. మిగతా దూరం ఆయన గోడకి వీపానించి పక్కపక్కకు జరుగుతూ నడిచారు. అలా జరుగుతుంటే తెరిచి ఉన్న కొట్టు గుమ్మం తగిలింది. తూలి లోపలికి పడబోయి, కారుతున్న కప్పునూ తడిసిన బట్ట మూటలనూ మొదటిసారి చూశారు.

నడక పూర్తిచేసి అంగీ విప్పాక ఆయనకు నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ, "దూలాలు, కప్పు, అన్నీ ఖజానా సొమ్ముతో మార్పించండి. పాడైన బట్టకూ వెల కట్టించండి" అని ఆజ్ఞ ఇచ్చారు. మెడలో హారం తీసి తిప్పనకు వేశారు. "ఇంకేం కావాలో కోరుకో."

"కప్పు పూర్తయ్యేదాకా ఆ మొదటి కొట్లో ఉండటానికి సెలవివ్వండి."

"తడిసిపోతావయ్యా."

"ముందు తడవాల్సింది నేనే ప్రభూ. వాళ్లు సొమ్మిచ్చింది మీ మీసాలు చూసి కాదు, నా మాట విని."

రాజుగారు మళ్లీ నవ్వారు గానీ, ఈసారి అంత గట్టిగా కాదు.

హారం గవరమ్మ మగ్గానికి పోయింది. తిప్పన చాప చంకనబెట్టుకుని కొట్లోకి చేరాడు. సాయంత్రం వాన పట్టుకుంది. మూలన ముడుచుకుని కూర్చున్న అతని దగ్గరకు గవరమ్మ గొంగడి కప్పుకుని వచ్చి, పైకి ఒకసారి చూసింది.

"కాస్త ఇటు జరుగు నాయనా, అక్కడ కారుతోంది" అంటూ తానూ పక్కన కూర్చుంది.