బకెట్టు అడుగున వంకాయరంగు

ఓబులేసు చేసిన పనికి ఆ రోజు నాకు అన్నం దిగలేదు. వాడికైతే నీళ్ళు కూడా దిగలేదు.

డాక్టరు జయరాజు గారి పాత ఫియట్ కారు. దాని బానెట్టు నడుమ లేచి ఉండే అంచు దగ్గర రంగు పూర్తిగా అరిగిపోయి, లోపలి బూడిదరంగు ప్రైమరు బయటపడింది. బొటనవేలి గోరంత. గోరంతే కదా అనుకునేరు, చెప్తా వినండి.

నంద్యాల ఆటోనగర్లో నాది రేకుల పని, బండ్లకు సొట్టలు తీస్తాను. పక్క షెడ్డు దస్తగిరి ఉస్తాద్‌ది, రంగుల పని. ఓబులేసు ఆయన దగ్గర పదేళ్ళుగా ఉన్న శిష్యుడు. ముప్పై దాటినోడు, ఇద్దరు బిడ్డల తండ్రి. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు.

ఆ మధ్య వాడు హైదరాబాదు పోయి పాలిషింగ్ మిషను తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి వాడి కాళ్ళు భూమ్మీద లేవు. "ఉస్తాద్ మూడు రోజులు చేత్తో రుద్దే పని నేను మధ్యాన్నం అన్నం పొద్దుకల్లా ముగిస్తా పుల్లన్నా" అని నా దగ్గర డబ్బా కొట్టుకునేవాడు.

ఉస్తాద్ మిషను వద్దనలేదు. "అంచుల మీద రంగు పల్చగా ఉంటుంది, ముందు టేపు వెయ్యి. తిరిగే మిషనును ఒక్కచోట నిలబెట్టొద్దు" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పినాడు. "డాక్టరు సారు కారు మాత్రం చేత్తోనే."

ఆ కారు రంగుకు ఒక కత ఉంది. ఇరవై రెండేళ్ళ కింద డాక్టరు గారి భార్య ఎస్తేరమ్మ తన వంకాయరంగు పట్టుచీర తెచ్చి ఉస్తాద్ ముందు పరిచి, "ఇదే రంగు కావాల దస్తగిరన్నా" అనింది. ఉస్తాద్ పందొమ్మిది సార్లు కలిపినాడు. రేకుముక్క మీద పూసేది, ఎండలో చీర పక్కన పెట్టి చూసేది, తల అడ్డంగా ఊపేది. ఇరవయ్యో సారికి కుదిరింది. ఆ రంగుకు కంపెనీ నంబరు లేదు, ఏది ఎంత కలిపినాడో కాగితం మీద రాసుకున్నదీ లేదు. అప్పుడాయన కళ్ళు అట్లుండేవి. ఇప్పుడు రెంటికీ పొర కమ్మింది.

ఎస్తేరమ్మ పోయి ఏడాది. ఆదివారం ఏడాది ప్రార్థన. డాక్టరు గారు సోమవారమే కారు తెచ్చి వదిలినాడు. "కొంచెం మెరిసేటట్టు చెయ్యి దస్తగిరీ. ఈ కారులోనే సమాధుల తోటకు పోవాల. మాసిన కారంటే ఆమెకు గిట్టదు" అని, ఆటో ఎక్కి వెళ్ళిపోయినాడు.

మంగళవారం ఉస్తాద్ కడప దర్గాకు పోయినాడు. ఓబులేసుకు చెయ్యి దురద పెట్టింది. ఆయన వచ్చేసరికి కారు అద్దంలా చేసి నిలబెడదామని మిషను ఎత్తుకున్నాడు. తొందరలో టేపు కూడా వెయ్యలేదు.

షెడ్డు లోపల ట్యూబులైటు కింద కారు తళతళలాడింది. "చూడు పుల్లన్నా!" అని వాడు, "అబ్బో!" అని నేను. ఇద్దరం కలిసి కారును ఎండలోకి తోసినాం.

ఎండ పడగానే బానెట్టు నిండా గుండ్రం గుండ్రంగా మిషను తిరిగిన జాడలు లేచినాయి. అంచు మీద ఆ బూడిద మచ్చ. ఓబులేసు అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"మళ్ళీ ఒక సుట్టు కొడితే పోతుందేమో" అన్నాడు.

"ఒరేయ్, ఉన్నది కూడా పోతుంది. ఆపు" అన్నాను.

ఇంతవరకు బాగానే చెప్పినాను కానీ, తర్వాత నేను చేసింది చెప్పుకోవాలంటే సిగ్గు. ఎర్రరంగు బూటుపాలిష్‌లో కొంచెం నల్లది కలిపి ఆ మచ్చకు పూయమన్నది నేనే. చెప్పుకుంటే తప్పు సగం తగ్గుతుందంటారు, నాకైతే ఏమీ తగ్గలేదు. పూసినాడు. మూడడుగుల దూరం నుంచి చూస్తే ఏమీ కనబడలేదు. ఆదివారం గడిస్తే చాలనుకున్నాం ఇద్దరం.

బుధవారం పొద్దున ఉస్తాద్ వచ్చినాడు. సంచి కొయ్యకు తగిలించి, కారు దగ్గరికి పోయి, కళ్ళు మూసుకుని బానెట్టు మీద చెయ్యి పెట్టినాడు. వేళ్ళు అంచు దాకా నిదానంగా నడిచి, అక్కడ ఆగినాయి. వేలి కొనను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినాడు.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మిషను ప్యాడు యాడుంది?" అన్నాడు.

ఓబులేసు తెచ్చిచ్చినాడు. తెల్లగా ఉండాల్సిన ఉన్ని ప్యాడు వంకాయరంగుకు తిరిగింది. ఉస్తాద్ దాన్ని వాడి చేతికే ఇచ్చి, "బకెట్టులో ఉతుకు" అన్నాడు.

వాడు ఉతికినాడు. పిండేకొద్దీ నీళ్ళు రంగు తిరిగినాయి. ఎస్తేరమ్మ చీర ముంచి తీసినట్టే అయినాయి.

ఉస్తాద్ బకెట్టు వైపు చూపించినాడు. "ఇప్పుడు దీన్ని తీసి కారుకు పెట్టు."

ఓబులేసు బకెట్టును చూసినాడు. కారును చూసినాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. వాడు ఏడవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

"పారబోసేదా ఉస్తాద్?" అని అడిగినాడు.

"ఉండనీ."

ఉస్తాద్ కిరోసిన్ గుడ్డ తీసుకుని నేను చెప్పిన బూటుపాలిష్‌ను తుడిచేసినాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చూడకపోవడమే నాకు చెంపదెబ్బ. తర్వాత మెత్తటి నూలుగుడ్డ, అన్నిటికంటే సన్నని పాలిషు మందు ఓబులేసు ముందు పెట్టి, "నిలువుగా రుద్దు. గుండ్రంగా తిప్పొద్దు" అని చెప్పి పక్కన స్టూలు వేసుకున్నాడు.

గురు, శుక్ర, శనివారాలు వాడు రుద్దుతూనే ఉన్నాడు. వేళ్ళు బొబ్బలెక్కినాయి. ఉస్తాద్ అప్పుడప్పుడు చెయ్యి పెట్టి చూసి, "ఇక్కడ ఇంకా ఉంది" అనేవాడు. మిషను జాడలు ఒక్కొక్కటే చచ్చినాయి. మచ్చ మాత్రం అట్లే ఉంది. దానికి ఏ మందూ లేదు.

ఆదివారం పొద్దున డాక్టరు గారు తెల్లబట్టలతో, చేతిలో చామంతుల పొట్లంతో వచ్చినాడు. కారు చూసి మొహం కొంచెం విచ్చుకుంది. "కొత్తదాని లెక్కుంది దస్తగిరీ" అన్నాడు.

ఉస్తాద్ ఆయన చెయ్యి పట్టుకుని, తెచ్చి మచ్చ మీద పెట్టినాడు.

"ఇక్కడ రంగు పోయింది సార్. నా షెడ్డులో పోయింది, నా చేతిలో పోయినట్టే."

డాక్టరు గారు వంగి చాలాసేపు చూసినాడు. "నీ చేతిలోనా?" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. "వయసైపోయింది దస్తగిరీ నీకు. నాకు కూడా."

ఉస్తాద్ తల వంచుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఈ ఆటోనగర్లో ఆ మనిషికి వంక పెట్టినవాడు లేడు.

"కలపలేవా మళ్ళీ?"

"కళ్ళు లేవు సార్. చీర ఉంటే, ఎవరి కళ్ళతోనన్నా ప్రయత్నం చేద్దును."

"చీర ఆమెకే కట్టినాం" అన్నాడు డాక్టరు గారు. "ఆ చీరతోనే మట్టిలో పెట్టినాం."

ఓబులేసు చేతిలో గుడ్డ కింద పడింది.

"ఉస్తాద్ కాదు సార్." వాడు ముందుకు వచ్చినాడు. "ఉస్తాద్ ఊర్లో కూడా లేడు. వద్దని చెప్పినా వినకుండా మిషను పెట్టినా. నేను పోగొట్టినా సార్. కనబడకుండా బూటుపాలిష్ కూడా పూసినా."

"అది చెప్పింది నేను సార్" అన్నాను. ఆ మాట వాళ్ళెవరికీ పట్టినట్టు లేదు.

డాక్టరు గారు ఓబులేసును తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. "పోయిన రంగు ఏమైంది?" అని అడిగినాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగినాడు.

ఓబులేసు మూలనున్న బకెట్టు తెచ్చి ఆయన ముందు పెట్టినాడు. నాలుగు రోజులకు నీళ్ళు తేరుకున్నాయి. అడుగున పల్చగా వంకాయరంగు మడ్డి.

ఆయన మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడుచుకోకుండానే నీళ్ళలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక వేలితో మడ్డి తీసుకున్నాడు. ఎండకు పెట్టి చూసుకున్నాడు. తుడుచుకోలేదు. ఆ వేలు స్టీరింగుకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, కారు నడుపుకుంటూ సమాధుల తోట దారిన వెళ్ళిపోయినాడు.

కారుతో పాటు ఆ మచ్చ కూడా మా ముందర నుంచే పోయింది.

ఉస్తాద్ స్టూలు మీద కూర్చున్నాడు. "ఓబులేసూ" అన్నాడు.

"ఉస్తాద్."

"ఇప్పుడు పారబోయొచ్చు."

ఓబులేసు బకెట్టు ఎత్తుకుని కాలువ దాకా పోయినాడు. అక్కడ నిలబడినాడు. నేను నా పనిలో పడి, ఒక తలుపు సొట్ట తీసి తలెత్తి చూస్తే, ఇంకా బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.