ఇరవై గుంటల పలక

తోలేరు వాగు వేసవిలో ఎండిపోతుంది. ఎండగానే ఆ ఇసుకలో అడవి జంతువులు హాకీ మొదలుపెడతాయి. వంకర చింతకొమ్మను నోట కరుచుకుని వెలక్కాయను కొట్టుకుంటూ పోవాలి. రెండు పుట్టల మధ్యకు దాటిస్తే గోలు. గెలిచిన జట్టు పెద్దకు ఆ ఏడాదంతా పీతల మడుగు మీద హక్కు. అందుకే ఆడేది గడ్డి తినేవాళ్లయినా, ఆడించేది నక్కలూ అడవిపిల్లులూను. ఇదేం న్యాయమని నన్నడక్కండి.

ఒకప్పుడు గడ్డి ఎక్కువున్న జట్టే మంచి ఆటగాళ్లందర్నీ ఎగరేసుకుపోయేది. తీర్పులు చెప్పే తాబేలవ్వ అది చూడలేక ఒక హద్దు పెట్టింది. ఏ జట్టూ తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి నూరు గడ్డిమోపులు దాటకూడదు. ఎవరికైనా కొన్నేళ్లకు ఒప్పందం రాస్తే, ఇచ్చే మోపులన్నీ కలిపి ఏళ్లకు సమానంగా పంచి, ఆ వాటాను ఏటా హద్దులో లెక్కేస్తారు.

ఒక జట్టు పెద్ద గుంటనక్క గవరయ్య ఆ చివరి మాట పట్టుకుని రెండు రోజులు తిండి మానేసి ఆలోచించాడు. మూడో రోజు మల్లెచుక్క ముందు వాలాడు. మల్లెచుక్క చుక్కల జింక, పరుగులో దాని దుమ్మును కూడా ఎవరూ అందుకోలేరు.

“నాలుగేళ్లు, ఏడాదికి నలభై ఒక్క మోపు. ఆ తర్వాత పదహారేళ్లు, ఏడాదికి ఒక్క మోపు. ఇరవై ఏళ్లకు పంచితే తొమ్మిదే. హద్దూ దాటం, నీ కడుపూ నిండుతుంది. ఏమంటావు తల్లీ?”

“నాకిప్పుడే ఏడేళ్లు మామా. ఇరవై ఏళ్లు నేనుంటానా?”

“ఉండకపోతే మరీ మంచిది, ఆడే పనుండదు,” అని నవ్వాడు గవరయ్య. మల్లెచుక్కా నవ్వింది. నలభై ఒక్క మోపులు కళ్లముందు ఆడుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఆ అడవిలో ఒప్పందాన్ని బంకమట్టి పలక మీద గుంటలుగా నొక్కుతారు, ఏడాదికో గుంట. ఏటా తొలకరికి ఆటగాడు ఒక గుంట ఉన్న ముక్క విరిచి తన గడ్డి తీసుకుంటాడు. ఆటగాడు చచ్చిపోతే మిగిలిన పలకను వాగులో పడేస్తారు, ఒప్పందం అంతటితో సరి. మల్లెచుక్క నాలుగు పెద్ద గుంటలూ, పదహారు చిన్న గుంటలూ ఉన్న పలక మీద గిట్ట ముద్ర వేసింది.

నాలుగేళ్లూ గవరయ్య జట్టే గెలిచింది. నాలుగో ఏడు వేసవి చివర ఒక ఆటలో మల్లెచుక్క ముందుకాలు మడతపడి బెణికింది. మర్నాడు కుంటుకుంటూ నీళ్లకు పోతుంటే రేగుపొద వెనక గవరయ్య గొంతు వినిపించింది. అవతల ఉన్నది చిరుతపులి.

“ఒక్క వారం ఓర్చుకో దొరా. తొలకరి పడిందంటే జింక నీదే.”

“ఇప్పుడే ఎందుకు కాదు?”

“ఈ వారంలో ఇంకో ఆటుంటే? కుంటుతూనైనా రెండుసార్లు గోలు కొట్టదూ? ఆ తర్వాత దానితో పనేముంది! కానీ బతికున్నన్నాళ్లూ ఆడినా ఆడకపోయినా తొమ్మిది మోపులు నా హద్దులో కూర్చుంటాయి. చస్తే పలక వాగులోకి పోతుంది. ఆ తొమ్మిది మోపులకూ కుర్రజింకను తెచ్చుకుంటాను.”

మల్లెచుక్కకు ఇప్పుడు అర్థమైంది. తన చావు ఆ పలక మీద మొదటిరోజు నుంచీ ఉంది. ముద్ర వేసింది తనే. ఆకు కదిలినా ఆగి చుట్టూ చూసుకుంది. ఎలాగో ఈడ్చుకుంటూ గోలుకాపరి ముళ్లపంది పాపయ్య దగ్గరికి చేరింది. పాపయ్య విని ముళ్లు నిక్కబొడిచాడు.

“పుట్టల మధ్య నా వెనక పడుకో, చిరుత ముట్టదు. కానీ ఎన్నాళ్లని? అవ్వ దగ్గరికి పో.”

తాబేలవ్వ అంతా విని అడిగింది.

“అమ్మాయ్, ఇరవై ఏళ్లు బతకవని నీకు తెలియదా?”

“తెలుసవ్వా. గడ్డి చూసి తెలియనట్టు ఊరుకున్నాను. తప్పే. ఇప్పుడు భయమేస్తోంది, నిద్ర పట్టడం లేదు.”

“పొద వెనక విన్నదానికి నేను తీర్పు చెప్పలేను. అందరి ముందూ వాడి నోట రావాలి. అడిగే ధైర్యముందా?”

ధైర్యం లేదు. అయినా మర్నాడు సభలో మల్లెచుక్క వణుకుతూ లేచింది. “గవరయ్య మామా, ఇది నిజంగా ఇరవై ఏళ్ల ఒప్పందమేనా? నన్ను ఇరవై ఏళ్లూ ఆడిస్తావా?”

కాదంటే హద్దు తప్పించుకోవడానికి రాసిన దొంగ ఒప్పందమని ఒప్పుకున్నట్టే. మడుగు పోతుంది, జట్టూ పోతుంది. గవరయ్య గుండెమీద కాలేసుకున్నాడు.

“అదేం మాట తల్లీ! నువ్వు నూరేళ్లు ఆడాలి.”

“నూరక్కర్లేదు, ఇరవై చాలు,” అంది తాబేలవ్వ. “అందరూ విన్నారుగా. ఇకమీదట పలకలు వాగులోకి పోవు. వాటా తొమ్మిదైతే నాలుగేళ్లు నలభై ఒకటి చొప్పున ఇచ్చావు. పైన ఇచ్చింది నూట ఇరవై ఎనిమిది మోపులు. గడువు నిండకుండా ఈ పిల్ల ప్రాణం పోయిందో, ఆ నూట ఇరవై ఎనిమిదీ నీ హద్దులోంచి కోసేస్తాను.”

గవరయ్య మనసులో లెక్కేసుకున్నాడు. హద్దే నూరు. అంటే ఏడాది పైన జట్టులో ఎవరికీ గడ్డిపరక ఉండదు. జట్టులోని అడవిదున్నలు నాలుగూ అప్పుడే తల తిప్పి వాడివైపు చూశాయి.

వారానికి తొలకరి పడింది. మల్లెచుక్క అయిదో గుంట విరిచి, ఒక్క మోపు తీసుకుని పుట్టల వైపు కుంటుతూ నడిచింది. సాయంత్రం చిరుత వచ్చింది. అడ్డంగా గవరయ్య నిలబడ్డాడు, తోక కాళ్ల మధ్య ముడుచుకుని.

“వద్దు దొరా. దీన్ని ముట్టకు.”

“మాటిచ్చావు కదరా.”

“ఇచ్చాను. పదహారేళ్లు ఆగు.”

“అంతకాలం నేనుంటానా?” అంది చిరుత. వాడిని మూతి నుంచి తోకదాకా తీరిగ్గా చూసింది. “వారం రోజులుగా దాచుకున్న ఆకలి. ఎవరో ఒకరు తీర్చాలిగా.”

గవరయ్య కేకపెట్టి పరుగెత్తాడు. చిరుత వేడి ఊపిరి వెనక కాళ్లకు తగులుతుండగా పుట్టల మధ్యకు దూరి, పాపయ్య ముళ్లు పక్కలో దిగుతున్నా లెక్కచేయకుండా, మల్లెచుక్క పక్కన ముడుచుకుపోయాడు. చిరుత ముళ్ల ముందు అటూ ఇటూ తిరిగి, తొందరేం లేదన్నట్టు ఎదురుగా కూర్చుంది.

మల్లెచుక్కకు భయం పోలేదు. కానీ పక్కన తనకంటే ఎక్కువగా వణుకుతున్నవాడు ఉన్నాడు.

“ఇంకా ఎన్ని గుంటలు మామా?” అని అడిగింది.

“పదిహేను,” అన్నాడు గవరయ్య, పళ్లు టకటకలాడుతుంటే. “ఆ కాలు జాగ్రత్త తల్లీ. చలిలో పడుకోకు.”

ఎదుటివాడి చావును నమ్ముకుని ఒప్పందం రాసినవాడు, చివరికి ఆ ప్రాణానికే కాపలా కాయాలి.