గడియ ఆగిన గారెలు

చింతలకోట రాజు విరూపాక్షుడికి గారెలంటే ప్రాణం. పొద్దునా గారెలే, మధ్యాహ్నమూ గారెలే, సాయంత్రానికి పొట్ట పట్టుకుని మూలుగులు. వద్దన్న వైద్యుణ్ణి ఊరు దాటించి, "తినొద్దన్న ప్రతివాడికీ ఇదే గతి!" అని చాటింపు కూడా వేయించాడు.

రాణిగారు కన్నీళ్లు పెట్టుకుంటే వంటమనిషి నూకాలు, "నేను చూసుకుంటాలెండమ్మా" అంది.

మర్నాడు మధ్యాహ్నం గారెల వాసనకి రాజే వంటశాలకి వచ్చి కూర్చున్నాడు. నూకాలు ఒక గారె తాను తిని, పళ్లెం పక్కన పెట్టేసింది.

"ఏమిటా ఆలస్యం?"

"మీ తాతగారి కట్టుబాటు ప్రభూ. విషం కలిసిందేమోనని వండినవాళ్లు ముందు తిని, గడియసేపు ఆగి, బతికుంటేనే రాజుకి పెట్టాలట. ఇన్నాళ్లూ మరిచిపోయాం."

తాతగారి మాట కాదనలేక రాజు ఊరుకున్నాడు. నూకాలు ఓ మూల కూర్చుని, బొగ్గుల మీది తన మట్టిదాక మూత తీసింది. రాగిసంకటి, వెల్లుల్లి తాలింపు పెట్టిన తోటకూర పప్పు. రాజుకి నోరూరింది.

"దానికీ గడియ ఆగాలా నూకాలూ?"

"అక్కర్లేదు ప్రభూ. పొద్దున్న ఇదే తిన్నాను, ఇదిగో బతికే ఉన్నాను."

రాజు రెండు ముద్దలు అడిగి ఆరు తిన్నాడు. పైన చల్ల తాగాడు. గడియ గడిచాక నూకాలు గారెల పళ్లెం ముందుకు జరిపింది. రాజు ఒకటి కొరికి, తేన్చి, ఇంక కడుపులో పట్టక కళ్లెర్రజేశాడు.

"నన్ను తినొద్దంటావా!"

"నేనెప్పుడన్నాను ప్రభూ? తినమనేగా పళ్లెం జరిపాను!"

రాజుకి నవ్వాగలేదు.

మర్నాడు గారెల పళ్లెం రాగానే రాజే దాన్ని దూరంగా నెట్టి, నూకాలు సంకటిదాక వైపు చూస్తూ అన్నాడు: "విషం సంగతి ఒక్క గడియలో ఏం తేలుతుంది? ఇవాళ రెండు గడియలు ఆగుదాం."