చావడి ముందు దించిన పాడె

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సువార్తమ్మ. వాగవతలి పల్లెవాళ్ళు ఇంకోలా చెబుతారు. నమ్మబాకండి. ఆ రోజు పాడెకి భుజం ఇవ్వనోళ్ళు వాళ్ళు.

వాగు ఇంకా లోతుగా పారే కాలాన, చెప్పులు కుట్టే ఇంట పుట్టి, అమెరికా మిషను దొర దగ్గర చదువుకుని, యేసు బోధ చెప్పే ఉపదేశి అయినవాడు ఒకడుండేవాడు. పేరు బర్నబా. ఊరివాళ్ళకి మాత్రం 'ఒరే'.

ఊరి బయటి మా పల్లె శవం, అంటరానిదని, ఊరి వీధిన పోరాదు. సమాధులకి వాగులో దిగే పోవాలి. ఒక వానకాలం ముసలి ఏసోబు శవం, వాగు తగ్గేదాకా ఇంట్లోనే ఉబ్బింది. ఇంకో వానకాలం చచ్చిన పసిబిడ్డను నెత్తిన కట్టుకుని తండ్రి ఈదాడు. మూడో వానకాలం బర్నబా భార్య రూతమ్మ పాడె భుజాల మీంచి జారింది. వాగు మింగింది. బర్నబా వట్టి గుంట పూడ్చి వచ్చాడు.

తెల్లారి, తాలూకా బోర్డులో మెంబరుగా చేరి దారి అడుగుతానన్నాడు.

"బోధ కావాలో బోర్డు కావాలో తేల్చుకో" అన్నాడు దొర.

బర్నబా తన ఉపదేశి పొడుగు కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. "పరలోకానికి దారి తమరు చెప్పండి దొరగారూ. సమాధులకి దారి నేను అడుగుతా."

బోర్డులో ఒకసారి అడిగాడు. నవ్వారు. రెండోసారి అడిగాడు. కుర్చీ తీసేశారు. నిలబడే మూడోసారి అడిగాడు.

"బతికున్న నీకే దారి లేదు, చచ్చినోళ్ళకి దారెందుకురా?" అన్నాడు ఊరి మునసబు.

బర్నబా వానలో తడిసొచ్చి జ్వరాన పడ్డాడు. "నన్ను వీధినే మొయ్యండి" అని కన్ను మూశాడు.

మోశారు. చావడి దగ్గర మునసబు మనుషులు కర్రలు అడ్డం పెట్టారు. పల్లెవాళ్ళు అక్కడే పాడె దించారు. దింపుడు కళ్ళం! అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవందే మళ్ళీ ఎత్తరు. వీధిలో శవముంటే ఊళ్ళో పొయ్యి వెలగదు.

"ఎత్తండ్రా!" అన్నాడు మునసబు.

"పిలిచే మనిషి లేదయ్యా" అంది ముసలి మరియమ్మ. "ఉన్న ఒక్కదాన్నీ వాగు మింగింది. తమరే పిలవండి."

పొద్దు వాలింది. ఇంటింటా పిల్లలు ఆకలికి ఏడ్చారు. మునసబు తల్లి లోపల్నుంచి అరిచింది. "పిలిచి చావు నాయనా!"

మునసబు వంగాడు. "ఒరే" అన్నాడు. ఎవరూ కదల్లేదు. "బర్నబా" అన్నాడు. ఎవరూ కదల్లేదు.

"బర్నబా గారూ."

పాడె లేచింది. పేరు పిలిచినవాడు అయినవాడే, ఇక అడ్డు నిలవరాదు. కర్రలు తొలిగాయి.

ఇప్పటికీ ఆ వీధిన ఏ కులం పాడె పోయినా చావడి ముందు దించుతారు. ముందు "బర్నబా గారూ" అని పిలిచి, ఆ తర్వాతే తమ మనిషిని పిలుస్తారు.

అక్కడొక రాయి ఉంది. దారి మునసబు దానం చేశాడని దాని మీద చెక్కారు. అక్షరాలు కూడబలుక్కుని చదివా. అబద్ధం. ఉలి పట్టగలిగినవాళ్ళు ఎవరైనా ఆ పేరు కొట్టేసి ఈ పేరు చెక్కండి. 'గారు' మరవబాకండి.