సావిడి కిటికీ వెనక టక్కుటక్కు

రండి, రండి, కాళ్ళు కడుక్కున్నారా? హైమా, దుప్పటంతా నువ్వే లాక్కోకు, తమ్ముడిక్కూడా ఇవ్వు. ఆ, దెయ్యం కథే. భయమేసిందని నా మీద పడ్డారంటే మాత్రం ఊరుకోను, నా మోకాళ్ళు అసలే బాగోలేవు.

అనగనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే పెద్ద ఊరేం కాదు, ఈ చివర దగ్గితే ఆ చివర వినిపించేంత ఊరు, నాంచారమ్మని ఒక కోడలుండేది. పనిలో చురుకు, నోట్లో మాట నెమ్మది. ఆవిడ అత్తగారు అచ్చాయమ్మ. ఆవిడ సంగతి చెప్పనే అక్కర్లేదు, నోరు తెరిస్తే వీధి కుక్కలు కూడా సర్దుకుని కూర్చునేవి.

ఆ ఊళ్ళో అందరికీ ఒక్కో పని వచ్చు, రెండోది రాదు. నేర్చుకుందామంటే, చిన్నపిల్లలు కాదు కదా మనకెందుకు అనుకునేవాళ్ళు. నాంచారమ్మకి ఇది నచ్చలేదు. ఊరి చివర రాజుగారి పాత సావిడొకటి ఖాళీగా పడుంటే, బూజులు దులిపి, అలికి, ముగ్గు పెట్టి ఊరంతా చాటించింది. పొద్దు వాలాక ఎవరైనా రావచ్చు, పిల్లలైనా ముసలివాళ్ళైనా సరే. వచ్చింది నేర్పండి, రానిది నేర్చుకోండి, తలా ఓ చెంచాడు నూనె తెస్తే దీపానికి చాలు, అంది.

ఇంక చూడండీ! బుట్టలల్లే మంగమ్మ కుండ చెయ్యడానికి కూర్చుంది. కుండలు చేసే వీరయ్య బొమ్మ గియ్యడానికి కూర్చున్నాడు. బొమ్మలు గీసే లచ్చన్న దండ కట్టడానికి కూర్చున్నాడు. దండలు కట్టే పాపాయమ్మ బుట్ట అల్లడానికి కూర్చుంది. అరవయ్యేళ్ళ వీరయ్య పక్కన ఎనిమిదేళ్ళ చిలకమ్మ. ఆయన నెమలిని గీస్తే కోడిపెట్టలా వచ్చింది. చిలకమ్మ పకపకా నవ్వి, తోక ఇంకాస్త పొడుగ్గా లాగు తాతా అని చెప్పింది. ఆయన బుద్ధిగా లాగాడు.

ఊ కొట్టరేం? నిద్రా అప్పుడే?

అచ్చాయమ్మకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. పిల్లలతో సమానంగా గెంతులేంటి, ఈ వయసులో ఈ సరదాలేంటి అని రోజూ దెప్పేది. ఆ మాట ఎంత చెడ్డదో నాకు తెలుసు. నలభయ్యో ఏట నేను హార్మోణీ నేర్చుకుంటానంటే మీ తాతయ్య అక్షరాలా అదే అన్నారు. ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు. సరేలే, కథలోకి వద్దాం.

నాంచారమ్మ పుట్టింటి నుంచి జడకోలాటం తెచ్చింది. పైన దూలానికి ఇనప కడియం, దానికి పదహారు రంగు తాళ్ళు. తలా ఒక తాడు ఎడమచేత్తో, కోల కుడిచేత్తో. ఎనిమిదిమంది ఇటు తిరగాలి, ఎనిమిదిమంది అటు. ఎదురొచ్చినవాళ్ళ కోలకి కోల కొట్టి, ఒకళ్ళకి ముందునుంచి, ఒకళ్ళకి వెనకనుంచి నడిస్తే పైన తాళ్ళు జడలా అల్లుకుంటూ వస్తాయి. అది సగమే. మళ్ళీ వచ్చిన దారినే వెనక్కి ఆడుతూ జడంతా విప్పాలి. ఒక్కరు తప్పారా, ముడి పడిందన్నమాటే.

అదిగో, ఆ ఆట మొదలైనప్పట్నించీ వెనక కిటికీ దగ్గర టక్కు, టక్కు, టక్కు. వీళ్ళు కోల కొడితే అక్కడా టక్కు. వీళ్ళు ఆగితే అక్కడా చప్పుడు లేదు. జడ అల్లినంతసేపూ టక్కు టక్కు, విప్పడం మొదలెట్టేసరికి గప్‌చిప్. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు, మునగచెట్టు తప్ప.

దెయ్యమే అన్నాడు వీరయ్య. అచ్చాయమ్మ చెవిన పడింది. పడగానే, నేను చెబుతూనే ఉన్నాను, ఆ పాడు సావిట్లో దెయ్యముంది, ఇంట్లో పడుండండి అని ఊరంతా తిరిగి చెప్పింది. సగంమంది భయపడ్డారు. చిలకమ్మకి మాత్రం భయం కన్నా ఆరా ఎక్కువ. దెయ్యానికి తాళం ఎలా వచ్చు? సగంలో ఎందుకు పోతుంది? దానికి ఇంకో ఊళ్ళో పనుందా? అడిగి అడిగి నాంచారమ్మ బుర్ర తినేసింది. చివరికి తనే కిటికీ కింద ముగ్గుపిండి చల్లింది. దెయ్యానికి పాదాలు వెనక్కుంటాయి కదా, చూద్దామని.

మర్నాడు చూస్తే పాదాలు ముందుకే ఉన్నాయి! పైగా రెండో వేలి దగ్గర గుండ్రంగా మెట్టె గుర్తు. మెట్టెలు పెట్టుకున్న దెయ్యమేంటో ఎవరికీ అంతుపట్టలేదు. మీకు తెలిసిందా? తెలిస్తే నోరు మూసుకోండి, తమ్ముణ్ణి చెప్పనివ్వండి. వాడికీ తెలీలేదా? మంచిది.

ఇంతలో రాజుగారికి కొత్త ఏనుగులొచ్చాయి. వాటిని కట్టడానికి సావిడి కావాలన్నారు. నాంచారమ్మ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడింది. పోనీ అసలు మీరక్కడ నేర్చుకునేదేంటో వచ్చి చూస్తానన్నారు రాజుగారు. జడ అల్లి, ఒక్క ముడి లేకుండా విప్పితే సావిడి మీది, ముడి పడితే ఏనుగులది, అన్నారు. నాంచారమ్మకి ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. సావిడి పోతే వీరయ్య నెమలి, మంగమ్మ కుండ, చిలకమ్మ నవ్వు అన్నీ పోయినట్టే కదూ.

ఆ రోజు రానే వచ్చింది. రాజుగారు కూర్చున్నారు, ఊరంతా చేరింది. సరిగ్గా అప్పుడే వీరయ్య గడప తట్టుకుని కాలు మడతపడి కూలబడ్డాడు. పదిహేనుమందే మిగిలారు! చిలకమ్మకి ఎదురు జోడీ లేదు. ఎవరైనా రండమ్మా అని నాంచారమ్మ అడిగితే, అడుగులు రావంటూ అందరూ తలలు దించుకున్నారు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ అచ్చాయమ్మ వచ్చింది. చీర కొంగు బిగించింది. కొంగులోంచి ఏం తీసిందనుకున్నారు? పప్పుగుత్తి! ఇంట్లో రోజూ సాయంత్రం మాయమైపోయే పప్పుగుత్తి. చిలకమ్మ ముందు ఆవిడ పాదాలు చూసింది, తర్వాత మొహం చూసింది. నువ్వేనా దెయ్యానివి మామ్మా అని గట్టిగా అనేసింది.

మొదలెట్టారు. అచ్చాయమ్మ ఒక్క అడుగు తప్పితే ఒట్టు! కొసదాకా జడ నున్నగా దిగింది. రాజుగారు ఆహా అన్నారు. ఇంక విప్పాలి. అచ్చాయమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఎందుకో తెలుసా? కోడలి కన్నా ముందు ఇల్లు చేరాలని రోజూ సగంలోనే పరిగెత్తేది కదా, విప్పడం ఏనాడూ చూళ్ళేదు. ఏదో ఒక వైపు నడిచేస్తే ముడి పడుతుంది. తెలీదంటే పరువు పోతుంది. అరవయ్యేళ్ళలో ఆవిడ ఎవర్నీ ఒక్క మాట అడిగి ఎరగదు.

ఆవిడ వంగి, ఎనిమిదేళ్ళ చిలకమ్మ మొహంలోకి చూసి అడిగింది.

"ఇప్పుడెటు వెళ్ళాలే తల్లీ? నాకు తెలీదు."

"వచ్చిన దారినే వెనక్కి మామ్మా. నీ కుడి భుజం నాకు తగలాలి. నేను చెబుతా కదా, నెమ్మదిగా రా."

మిగతావాళ్ళు తాళ్ళు వదల్లేదు, నిలబడ్డచోటే కోలలతో తాళం వేస్తూ ఆగారు. ఒక అడుగు, ఇంకో అడుగు, చిలకమ్మ చెప్పడం, అచ్చాయమ్మ వెయ్యడం, ఆ అడుగుతోబాటే అందరూ వెనక్కి కదలడం. పదహారు తాళ్ళూ విడిపోయి, ఒక్క ముడి లేకుండా వేలాడాయి.

రాజుగారు లేచొచ్చి తాళ్ళన్నీ పట్టి పట్టి చూశారు. ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా అని అచ్చాయమ్మనడిగారు.

"ఎవరూ నేర్పలేదు మహారాజా. కిటికీ దగ్గర నిలబడి దొంగిలించాను. సగమే దొరికింది. మిగతా సగం ఇదిగో, ఈ పిల్ల ఇచ్చింది."

రాజుగారు ఏనుగుల్ని వేరే చోట కట్టించుకున్నారు. నాంచారమ్మకేమో ఏడుపాగలేదు. లోపలికి రావచ్చు కదా అత్తా, చీకట్లో దోమల్లో ఎందుకలా నిలబడ్డావంది. ఏ మొహం పెట్టుకుని రానే, రోజూ నిన్ను తిట్టి, అంది అచ్చాయమ్మ. అని ఆవిడా ఏడ్చింది.

మర్నాడు పొద్దు వాలగానే నాంచారమ్మ మామగారు అన్నమేదీ అనడిగితే, ఇవాళ మీరే వండుకోండి, నాకు పాఠముంది అంది అచ్చాయమ్మ. నాకు వంట రాదే అన్నాడాయన. అయితే పదండి, అదీ నేర్పుతారు అని చెయ్యి పట్టుకుని సావిడికి లాక్కుపోయింది.

చూశారా, నాకు తెలీదు, చెప్పవా అని చిన్నపిల్లని అడిగితే పెద్దరికం ఎక్కడికీ పోదు. నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదర్రా. సరే, కథ కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లోకి.