పొగమంచు దీవిలో నెల్లి పట్టిన చిలుక

అనగనగా ఒక రాజు. ఆయన మేడ ఎంత ఎత్తంటే మబ్బులు చుట్టు తిరిగి పోయేవి. తక్కువ చేసే చెబుతున్నాను పిల్లలూ. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల పొగమంచు దీవిలో, పడవలన్నిటినీ ముంచుతున్న ధూమ్రకేశుడనే మాంత్రికుడి మీదికి పెద్దవాడు వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు, రాయైపోయాడు. పున్నమి దాటితే ఆ రాళ్లకిక ప్రాణం రాదు.

మూడోవాడు జయకేతుకు కాలు నిలవలేదు. ముద్ద దిగదు, కన్ను మూతపడదు. పడవెక్కాడు. కెరటాలంటారా, ఒక్కొక్కటీ ఏడు తాటిచెట్లెత్తు.

దీవి ఒడ్డున ఒక నీటికాకి చెప్పింది: "రాజకుమారా, వాడి ప్రాణం మేడమీది చిలుకలో ఉంది. ఇక్కడ పైఅంతస్తు దొరలు కిందింటి నౌకర్ల మొహం చూడరు. చూస్తే పరువు తక్కువ. టీ పళ్లెం పట్టుకుని పో."

మాంత్రికుడి వంటింట్లో పనిమనిషి నెల్లి ఉంది. "మీ దొరను చంపడానికి వచ్చాను" అన్నాడు.

"ఇంత ఆలస్యమా బాబూ?" అని నౌకరు బట్టలిచ్చి, దారి చూపడానికి తనూ వెంట నడిచింది.

మొదటి తలుపు దగ్గర జయకేతు ఆగి నిలబడ్డాడు. పుట్టినప్పటినుంచీ ఎవరో ఒకరు తీస్తేనే కదా లోపలికి నడిచింది! నెల్లి గబగబా తీసింది. "నిన్ను చూసి అదే తెరుచుకుంటుందనుకున్నావా?"

రెండో తలుపు దగ్గరా అంతే. మూడో తలుపు నెల్లి తీస్తుండగా మెట్లెక్కి మాంత్రికుడొచ్చాడు.

"పనిమనిషి చేత తలుపు తీయించుకునే నౌకరా? నువ్వు రాజు కొడుకువిరా" అని మంత్రదండం ఎత్తాడు.

జయకేతు పాదాలు రాయయ్యాయి. మోకాళ్లు రాయయ్యాయి. నెల్లి మాంత్రికుడి పక్కనుంచే గదిలోకి నడిచింది. కప్పులు తీయడానికి పోతోందనుకుని వాడు తల తిప్పలేదు. ఆమె పంజరం తెరిచింది, చిలుక మెడ విరిచింది. మాంత్రికుడు కూలిన చప్పుడుకు ఏడు సముద్రాల చేపలూ ఒడ్డుకు దూకాయి.

అన్నలిద్దరూ ఒళ్లు విరుచుకుని లేచారు. జయకేతు నెల్లిని పెళ్లాడతానన్నాడు.

"మీ నాన్నగారు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే మళ్లీ పడవెక్కుదాం."

ఒప్పుకున్నారు. పెళ్లయింది, ఇద్దరూ నిండు నూరేళ్లు ఏలారు.

దీవిలో మాత్రం ఈ కథ మీద తగువు తెగలేదు. పైఅంతస్తువాళ్లు, "నెల్లి తప్పిపోయిన రాజకుమార్తే అయ్యుంటుంది, లేకపోతే అంత ధైర్యమా?" అంటారు. కిందింటివాళ్లు, "అచ్చంగా మా వంటింటి పిల్లే, ఆ రాకుమారుడు తలుపైనా తీశాడా?" అంటారు. తేల్చమని రెండు పక్షాలూ ఏడు సముద్రాలు దాటి రాణి దగ్గరికే వచ్చాయి.

నెల్లి రాణి మచ్చలు పడ్డ వేళ్లు చూపించింది. "నేనెవరి కూతుర్నని అందరూ అడుగుతారు. ఆ చిలుక ఎంత గట్టిగా కరిచిందో ఒక్కరూ అడగరేం?"