కొండవాలు మట్టి

కొండవాలును తవ్వించి సేనాపతి అనే ఆసామి మేడ కట్టిస్తున్నాడు. వాలు తవ్వేవాళ్లు ముందుగా దిగువన రాతికట్ట వేయాలని నగరంలో కట్టుబాటు ఉన్నా, ఆయన లెక్కచేయలేదు. కింద గుడిసెలో ఉండే గవరమ్మ మబ్బు పట్టినప్పుడల్లా వాలు వైపే చూస్తూ కూర్చునేది. ఒకనాడు ఆకాశం నల్లబడగానే పరుగున వెళ్లి, "అయ్యా, వాన పడితే మట్టంతా మా మీదికి జారుతుంది, కట్ట వేయించండి" అని వేడుకుంది.

"జారి వచ్చిందంతా నీదే, ఉంచుకో పో!" అని సేనాపతి కూలీలందరి ముందూ నవ్వాడు.

గవరమ్మ చేతులు జోడించింది. "ఈ మాటకు వీళ్లంతా సాక్షులు బాబూ. ముందు మట్టి వస్తుంది. దాని వెనకాలే మీ పునాది రాళ్లు, టేకు దూలాలు వస్తాయి. మోసుకోవడానికి మావాళ్లను పిలుచుకొస్తాను."

సేనాపతి నవ్వు ఆగిపోయింది. పునాది వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు. "తవ్వకం ఆపండి! ముందు కట్ట వేయండి!" అని అరిచాడు.

కట్ట పూర్తవుతుండగానే వాన దంచికొట్టింది. గవరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. వాకిట్లోకి నీళ్లు వచ్చాయి గాని, మట్టి రాలేదు.